నాలుగో ముక్కే వేశాను కదా, తప్పెక్కడ?

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. వయసు 61. మూడేళ్ళుగా మా ఊరి క్లబ్బులో బ్రిడ్జ్ ఆడుతున్నాను. నా పార్టనర్ మా బావగారే. డిక్లేరర్‌గా, అంటే బిడ్డింగ్ గెలిచి చెప్పినన్ని ట్రిక్కులు తీయాల్సిన వాడిగా, ముక్కలు ఆడటంలో నాకు ఇబ్బంది లేదు. బిడ్డింగ్ దగ్గర, మొదటి ముక్క వేసే దగ్గర మాత్రం విపరీతమైన టెన్షన్. పోయిన నెల జరిగినవి మూడు రాస్తున్నాను.

ఒకటి. పెయిర్స్ ఆట, అంటే అవే ముక్కలు ఆడిన మిగతా జోడీల స్కోర్లతో మన స్కోరు పోల్చేది. నా కుడి పక్కాయన 1 నో ట్రంప్ ఓపెన్ చేశారు, నా ఎడమ పక్కాయన నేరుగా 3 నో ట్రంప్, అంటే తురుపు లేకుండా తొమ్మిది ట్రిక్కులు, అన్నారు. నా చేతిలో ఇస్పేటు జాకీ, 10, 4. ఆటీను 9, 8, 5. డైమను రాణి, 8, 6, 3. కళావరు 10, 8, 2. నేర్పినట్టే పొడుగు సూట్‌లో పైనుంచి నాలుగో ముక్క, డైమను 3 వేశాను. వాళ్ళకు 11 ట్రిక్కులు వచ్చాయి. ఇస్పేటు వేస్తే ఆ కాంట్రాక్ట్ పోయేదని బావగారు అందరి ముందూ అరిచారు. ఆయన దగ్గర ఇస్పేట్లున్నాయని నాకెలా తెలుస్తుంది?

రెండు. టీమ్ మ్యాచ్, మేం వల్నరబుల్ (గెలిస్తే బోనస్, ఓడితే జరిమానా రెండూ ఎక్కువ). బావగారు 1 ఇస్పేటు ఓపెన్ చేశారు. నాకు ఇస్పేటు రాజు, 9, 7, 4, ఆటీను 6, డైమను ఆసు, 10, 8, 5, 3, కళావరు 7, 4, 2. ఏడు పాయింట్లే (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) కాబట్టి 2 ఇస్పేట్లు అన్నాను. అక్కడే ఆగిపోయాం. పది ట్రిక్కులు వచ్చాయి. అవతలి టేబుల్‌లో ఇవే ముక్కలతో 4 ఇస్పేట్లు బిడ్ చేసి గెలిచారు.

మూడు. అదే మ్యాచ్‌లో 3 ఆటీన్లతో ప్రీఎంప్ట్ చేశాను, అంటే బలం లేకపోయినా పొడుగు సూట్‌తో వాళ్ళకు అడ్డంగా పెద్ద బిడ్ వేశాను. వాళ్ళు 4 ఇస్పేట్లకు వెళ్ళారు. వదలబుద్ధి కాక 5 ఆటీన్లు అన్నాను. డబుల్ చేశారు (ఓడితే జరిమానా పెంచే పిలుపు), మూడు ట్రిక్కులు తగ్గి 800 పోయింది.

బావగారు ప్రెసిషన్ అనే మరో బిడ్డింగ్ సిస్టమ్‌కు మారదామంటున్నారు. మారితే బాగుపడతామా? ఈ వయసులో ఈ రెండు విషయాలూ మెరుగుపడతాయా?

సమాధానం: సిస్టమ్ సంగతి ముందే చెప్పేస్తాను. మారొద్దు. మీరు రాసిన మూడు చేతుల్లో ఒక్కటి కూడా సిస్టమ్ వల్ల పోలేదు. ప్రెసిషన్ మంచి సిస్టమే, కానీ అందులో కూడా ఎవరో 1 నో ట్రంప్ అంటారు, ఎవరో 3 నో ట్రంప్ అంటారు, మీరు మొదటి ముక్క వేయాలి. కొత్త సిస్టమ్ బట్టీ పట్టడానికి పట్టే ఆరు నెలల్లో మీ అసలు సమస్య సర్దుకుంటుంది.

మీరు బిడ్డింగ్‌నూ లీడ్‌నూ (మొదటి ముక్క వేయడాన్నీ) రెండు వేర్వేరు సబ్జెక్టుల్లా చూస్తున్నారు. ఉత్తరంలోనే అది తెలిసిపోతోంది. "నేర్పినట్టే నాలుగో ముక్క వేశాను", "ఏడు పాయింట్లే కాబట్టి 2 అన్నాను" అన్నారు. రెండు చోట్లా మీ 13 ముక్కల్ని మాత్రమే చూసి రూల్ వాడారు. మిగతా ముగ్గురు ఏం చెప్పారో, ఏం చెప్పకుండా ఉండిపోయారో ఆ లెక్కలోకి రాలేదు. మీ కష్టమంతా ఇక్కడే ఉంది. సరిచేసుకోవడానికి వయసు అడ్డం కాదు.

మొదటి చేతినే తీసుకుందాం, అందులో నేర్చుకోవలసింది చాలా ఉంది.

1 నో ట్రంప్ అంటే మీ క్లబ్బులో 15 నుంచి 17 పాయింట్లు. నేరుగా 3 నో ట్రంప్ అన్నాయనకు కనీసం పదో, ఇంకా కాస్త ఎక్కువో ఉంటాయి. ఇద్దరికీ కలిపి 25 నుంచి 28 దాకా అనుకోండి. పేకలో మొత్తం 40. మీ దగ్గర రాణి, జాకీ కలిపి మూడే. అంటే బావగారి దగ్గర దాదాపు పది పాయింట్లున్నాయి. ముక్క వేయకముందే, ఆయన కనుబొమ్మ కూడా కదలకముందే, ఈ లెక్క మీకు తెలిసిపోతుంది. ఈ కాంట్రాక్ట్‌ను ఓడించగలిగితే ఆయన చేయే ఓడించాలి. మీ డైమన్లు ఎలాగో తిప్పలు పడి ఒకటి రెండు ట్రిక్కులయ్యాయనుకున్నా, వాటిని అందుకోవడానికి మీ చేతికి మళ్ళీ లీడ్ రావాలి కదా. దేనితో వస్తుంది? ఆసు లేదు, రాజు లేదు.

ఇక రెండో లెక్క. ఎడమ పక్కాయన 2 కళావర్లు, అంటే ఓపెన్ చేసినాయనకు నాలుగు ముక్కల మేజర్ (ఇస్పేటు లేదా ఆటీను) ఉందా అని అడిగే స్టేమన్, అడగలేదు. ఇస్పేట్లలో గానీ ఆటీన్లలో గానీ నాలుగు ముక్కలుంటే దాదాపు ఎవరైనా అడుగుతారు. అడగలేదంటే ఆయన బలం డైమన్లు, కళావర్లలో ఉంది. మీరు సరిగ్గా ఆ డైమన్లే తెరిచి ఇచ్చారు. వాళ్ళకు తక్కువగా ఉండే అవకాశం మేజర్లలో ఉంది, బావగారికి ఐదు ముక్కల సూట్ ఉంటే అది మేజర్ అయ్యే అవకాశమే ఎక్కువ. మీ ఆటీన్లు 9, 8, 5. ఇస్పేట్లు జాకీ, 10, 4. రెండింటిలో పార్టనర్‌కు సాయపడే ముక్కలు ఇస్పేట్లలోనే ఉన్నాయి. కాబట్టి ఇస్పేటు జాకీ.

మీరు మిగతా మూడు చేతులూ రాసి పంపడం వల్ల చాలా మేలు జరిగింది. పాఠకుల కోసం వాటినీ ఇస్తున్నాను. డమ్మీ, అంటే ముక్కలు టేబుల్ మీద పరిచే డిక్లేరర్ పార్టనర్, దగ్గర ఇస్పేటు 6, 2. ఆటీను ఆసు, 7, 3. డైమను ఆసు, జాకీ, 10, 9. కళావరు రాజు, 9, 4, 3. డిక్లేరర్ దగ్గర ఇస్పేటు ఆసు, 8, 5. ఆటీను రాజు, రాణి, 4. డైమను రాజు, 5, 4. కళావరు రాణి, జాకీ, 7, 5. బావగారి దగ్గర ఇస్పేటు రాజు, రాణి, 9, 7, 3. ఆటీను జాకీ, 10, 6, 2. డైమను 7, 2. కళావరు ఆసు, 6.

డైమను 3 పడగానే డమ్మీలోని 9 గెలిచింది. మీ రాణి ఎటు పక్క ఉందో డిక్లేరర్ వెతుక్కోవలసిన పని తప్పింది. నాలుగు డైమన్లు, మూడు ఆటీన్లు, ఇస్పేటు ఆసు, తీరిగ్గా కళావరు ఆసును బయటికి లాగాక మూడు కళావర్లు. మొత్తం 11.

ఇప్పుడు ఇస్పేటు జాకీ వేసి చూడండి. డిక్లేరర్ ఆసును వెంటనే తీసుకున్నా, రెండు సార్లు వదిలి మూడోసారి తీసుకున్నా ఫలితం ఒకటే. డైమన్లు ఎంత బాగా ఆడినా ఆయనకు ఎనిమిది ట్రిక్కులే ఉన్నాయి. తొమ్మిదోది కళావర్లలోంచి రావాలి, కళావరు ఆసు బావగారి దగ్గరుంది. ఆ ఆసు పట్టుకున్న క్షణంలో మిగిలిన ఇస్పేట్లన్నీ వచ్చేస్తాయి. నాలుగు ఇస్పేట్లు, ఒక ఆసు, కాంట్రాక్ట్ ఒకటి తగ్గింది. వాళ్ళకు 460 రావలసిన చోట మీకు 50 వచ్చేది. పెయిర్స్‌లో అది అట్టడుగు స్కోరుకూ పై స్కోరుకూ ఉన్న తేడా.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. డేవిడ్ బర్డ్, టాఫ్ యాంథియాస్ అనే ఇద్దరు ఇలాంటి చేతుల్ని కంప్యూటర్‌తో వేల సార్లు పంచి ఏ లీడ్ ఎన్నిసార్లు కాంట్రాక్ట్‌ను ఓడిస్తుందో లెక్క చూశారు. నేరుగా 3 నో ట్రంప్‌కు వెళ్ళిన బిడ్డింగ్ మీద మైనర్ (డైమను, కళావరు) సూట్‌లో నాలుగో ముక్క కంటే మేజర్‌లో రెండు మూడు ముక్కల సూట్ లీడ్ చాలాసార్లు మెరుగని తేలింది. మనలో చాలామంది నేర్చుకున్న పద్ధతికి ఇది ఎదురు. నాకు కూడా ఒంటబట్టడానికి ఏడాది పైనే పట్టింది.

అలాగని ఇకనుంచి ప్రతి 3 నో ట్రంప్ మీదా ఇస్పేటు వేసేయొద్దు. మళ్ళీ ఇంకో రూల్ బట్టీ పట్టినట్టవుతుంది. మీ చేతిలో కళావరు రాజు, రాణి, జాకీ, 6 ఉంటే కళావరు రాజే వేయాలి. రాజుతో మొదలయ్యే ఐదు ముక్కల డైమన్లుండి, పక్కన ఒక ఆసు కూడా ఉంటే నాలుగో ముక్క అద్భుతమైన లీడ్. అప్పుడు ఆ ట్రిక్కుల్ని అందుకోవడానికి మీ దగ్గర దారి ఉంది. ఒకవేళ బిడ్డింగ్ 1 నో ట్రంప్, 2 కళావర్లు, 2 డైమన్లు, 3 నో ట్రంప్ అని సాగిందనుకోండి, కథంతా మారిపోతుంది. స్టేమన్ అడిగినాయన దగ్గర నాలుగు ముక్కల మేజర్ ఉంది, ఓపెన్ చేసినాయన దగ్గర లేదు. అప్పుడు మైనర్ లీడ్‌కు మళ్ళీ విలువ వస్తుంది. మీ 13 ముక్కలు అవే అయినా లీడ్ మారుతుంది.

నాలుగో ముక్క పద్ధతిని పారేయమని కూడా నేననడం లేదు. అది పార్టనర్‌కు కబురు. బావగారు 6 వేస్తే మీరు 11లోంచి 6 తీసేయండి. ఐదు. అంటే ఆ 6 కంటే పెద్ద ముక్కలు మిగతా మూడు చేతుల్లో కలిపి ఐదున్నాయి. డమ్మీలో, మీ దగ్గర ఎన్నున్నాయో కనిపిస్తూనే ఉంటాయి, డిక్లేరర్ దగ్గర ఎన్నో ఇట్టే తెలుస్తుంది. ఇంత మంచి పనిముట్టును ఎవరూ వదులుకోరు. ఏ సూట్ వేయాలన్నది మాత్రం అది చెప్పదు. సూట్ ఏదో తేల్చుకున్నాక అందులో ఏ ముక్క వేయాలో చెబుతుంది. మీరు ఈ రెండింటినీ కలిపేశారు.

తురుపు కాంట్రాక్టుల మీద లీడ్ గురించి మీరు అడగలేదు, కానీ ఒక్క ఉదాహరణ ఇవ్వకుండా ఉండలేను. కుడి పక్కాయన 1 ఇస్పేటు, ఎడమ పక్కాయన 1 నో ట్రంప్, మళ్ళీ కుడి పక్కాయన 2 ఆటీన్లు, అక్కడ అందరూ పాస్. మీకు ఇస్పేటు రాజు, జాకీ, 10, 8 ఉన్నాయి. ఆటీన్లు మూడు చిన్న ముక్కలు. డమ్మీ ఇస్పేట్లకు తిరిగి వెళ్ళకుండా ఆటీన్లలోనే ఉండిపోయిందంటే, ఆ చేతిలో ఇస్పేట్లు ఒకటో రెండో ఉంటాయి. డిక్లేరర్ తన చిన్న ఇస్పేట్లను డమ్మీలోని తురుపుతో కొట్టుకోవాలని చూస్తాడు. మీ ఇస్పేట్లు ట్రిక్కులు కావాలంటే డమ్మీ తురుపులు ముందే అయిపోవాలి. కాబట్టి మొదటి ముక్క తురుపు. డమ్మీ ఇంకా టేబుల్ మీద పరవలేదు, అయినా అందులో ఏముందో వాళ్ళ పాస్ మీకు చెప్పేసింది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. వాళ్ళు 2 ఇస్పేట్లు, 3 ఇస్పేట్లు, 4 ఇస్పేట్లు అని ఈడుస్తూ ఈడుస్తూ వెళ్తే వాళ్ళ దగ్గర మిగులు బలం లేదన్నట్టు. రాజు కింద నుంచో రాణి కింద నుంచో వేసి ఉచితంగా ట్రిక్ ఇవ్వకండి, నష్టం లేని ముక్క వేసి కూర్చోండి. డమ్మీ ఒక పొడుగు సూట్ గట్టిగా చూపించి గేమ్‌కు (పెద్ద బోనస్ వచ్చే 3 నో ట్రంప్, 4 ఇస్పేట్ల లాంటి బిడ్‌కు) వెళ్తే మాత్రం తీరిక లేదు. ఆ సూట్ మీద వాళ్ళ ఓటమి ముక్కలు వెళ్ళిపోయేలోపు మీ ట్రిక్కులు తీసుకోవాలి, బిడ్ కాని సూట్‌పై దాడి చేయండి. తురుపు కాంట్రాక్ట్‌లో ఆసు కింద నుంచి చిన్న ముక్క వేయడం దాదాపు ఎప్పుడూ వద్దు. ఒకే ముక్క ఉన్న సూట్ లీడ్ చూడగానే ఆశ పుట్టిస్తుంది. మీ తురుపులు రాణి, జాకీ, 10లా సహజంగానే గెలిచేవైతే వాటితో కొట్టుకుని మీకు ఒరిగేదేమీ లేదు. మూడు చిన్న తురుపులుంటే, పార్టనర్ దగ్గర బలం ఉందనుకుంటే అప్పుడు వేయండి.

వాళ్ళ స్లామ్‌ను (పన్నెండో, పదమూడో ట్రిక్కులు తీస్తామన్న బిడ్‌ను) పార్టనర్ డబుల్ చేశాడంటే దానికి ప్రత్యేకమైన అర్థముంది. థియోడర్ లైట్నర్ అనే ఆయన పేరుతో పిలుస్తారు ఈ డబుల్‌ను. మామూలుగా వేసే లీడ్ వేయొద్దు, వింతైనది వేయి, బహుశా నా దగ్గర ఒక సూట్ అసలే లేదు అని దాని భావం. చాలాసార్లు డమ్మీ మొదట చెప్పిన సూటే అది. చాలా ఏళ్ళ కిందట ఒక టోర్నమెంట్‌లో నా పార్టనర్ 6 ఇస్పేట్లను డబుల్ చేశాడు. నేను మేం బిడ్ చేసిన సూట్‌లోంచే వేశాను. డమ్మీ మొదట బిడ్ చేసిన డైమన్లు అతని దగ్గర ఒక్కటి కూడా లేవు. స్లామ్ గెలిచారు. అతను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది. ఆ రోజు నుంచి డబుల్ వినిపిస్తే లీడ్‌కు ముందు ఒక నిమిషం ఆగుతున్నాను.

ఇక రెండో చేయి. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 అనే లెక్కను మిల్టన్ వర్క్ ప్రచారంలోకి తెచ్చారు. దాన్ని ఇంటింటికీ చేర్చింది చార్లెస్ గోరెన్. గోరెన్ చెప్పిన రెండో సగాన్ని మీరు వదిలేశారు. పార్టనర్ సూట్‌కు మీ దగ్గర మద్దతు ఉన్నప్పుడు తక్కువ ముక్కలున్న సూట్లకు కూడా పాయింట్లు కలుపుకోవాలి. రెండు ముక్కల సూట్‌కు 1, ఒక్క ముక్కకు 3, అసలు లేకపోతే 5. మీకు నాలుగు ఇస్పేట్లున్నాయి, ఆటీను ఒక్కటే ఉంది. ఏడు, మూడు, పది. అది 3 ఇస్పేట్లు బిడ్ చేసే చేయి.

బావగారి చేయి: ఇస్పేటు ఆసు, రాణి, 10, 6, 2, ఆటీను 8, 5, 3, డైమను రాజు, 4, కళావరు ఆసు, జాకీ, 5. పద్నాలుగు. మీరు 2 అంటే ఆయన ఆగడం సహజమే, 3 అంటే 4కు వెళ్ళేవారు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన చేతిలోని ఐదు ఇస్పేట్లు, ఒక ఆటీను ఓడిపోయాక మీ తురుపులతో రెండు ఆటీన్లు కొట్టడం, డైమను ఆసు, రాజు, కళావరు ఆసు. పది. మీ దగ్గర ఒక్క ఆటీను బదులు మూడు ఆటీన్లుండి, డైమన్లు మూడే ఉన్నాయనుకోండి. అవే ఏడు పాయింట్లు, కానీ ఈ పది ట్రిక్కుల్లో రెండు మాయమవుతాయి.

అసలు వల్నరబుల్‌గా టీమ్ ఆటలో గేమ్‌కు ఎంత ధైర్యంగా వెళ్ళాలన్నది లెక్కతో తేల్చుకోవచ్చు. మీరు 2 దగ్గర ఆగి పది ట్రిక్కులు తీస్తే 170. అవతల 4 బిడ్ చేసి తీస్తే 620. తేడా 450, అది 10 ఇంప్స్ (టీమ్ మ్యాచ్‌లో స్కోరు తేడాను మార్చి ఇచ్చే పాయింట్లు). తిరగేసి చూద్దాం. మీరు 4కు వెళ్ళి ఒకటి తగ్గితే మైనస్ 100, అవతల వాళ్ళు 2లో తొమ్మిది తీసి 140. తేడా 240, అది 6 ఇంప్స్. గెలిస్తే పది, ఓడితే ఆరు. అంటే 37.5 శాతం అవకాశం ఉన్నా గేమ్ బిడ్ చేయడం లాభమే. వల్నరబుల్ కానప్పుడు ఈ లెక్క 45 శాతం దాకా పెరుగుతుంది. పెయిర్స్‌లో ఇంచుమించు సగానికి సగం ఉండాలి. బ్యాంకులో జీవితమంతా లెక్కలు చూసిన మీకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. టేబుల్ దగ్గర గుర్తొస్తే చాలు.

ఈ ఆట పుట్టుకలోనే ఆ లెక్క ఉంది. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ ధనవంతుడు పనామా కాలువ మీదుగా హవానాకు వెళ్ళే ఓడ ప్రయాణంలో ఇప్పటి కాంట్రాక్ట్ బ్రిడ్జ్ స్కోరింగ్‌ను సిద్ధం చేశాడు. అంతకుముందు ఆడుతున్న ఆక్షన్ బ్రిడ్జ్‌లో తక్కువ బిడ్ చేసి ఎక్కువ తీసినా గేమ్ లెక్కలోకి వచ్చేది. ఆయన దాన్ని కొట్టేశాడు. బిడ్ చేసిందే గేమ్‌కు లెక్క. మీ పది ట్రిక్కులకు 170 రావడానికి కారణం ఆ ఓడలో తీసుకున్న నిర్ణయమే.

మూడోది, ఆ 5 ఆటీన్లు. ఇది చెప్పడానికి కాస్త కష్టంగానే ఉంది, ఎందుకంటే "వదలబుద్ధి కాక" అన్న మాట నాకు బాగా అర్థమైంది. కానీ 3 ఆటీన్లు అన్నప్పుడే మీరు మీ చేతి గురించి అంతా చెప్పేశారు. పొడుగు ఆటీన్లు, బయట ఏమీ లేదు. ఆ తర్వాత మీ దగ్గర చెప్పడానికి కొత్తది ఏదీ లేదు. బావగారికి మీ చేయి తెలుసు, మీకు ఆయన చేయి తెలియదు. 5కు వెళ్ళాలా, 4 ఇస్పేట్లను డబుల్ చేయాలా, ఊరుకోవాలా అనేది ఆయన నిర్ణయం. ఆయన దగ్గర ఇస్పేట్లు నాలుగుంటే? డబుల్ చేద్దామని చేయి ముందుకు చాపుతుండగా మీరు అడ్డం పడ్డారేమో, అడిగి చూడండి. ఫ్రాన్స్‌కు చెందిన ఝాఁ-రెనె వెర్న్ 1960ల్లో ఒక లెక్క చూపించారు. మన జోడీకి మొత్తం ఎన్ని తురుపులుంటే దాదాపు అన్ని ట్రిక్కుల స్థాయి దాకా పోటీపడవచ్చని దాని సారం. మీవి ఏడు, బావగారివి రెండనుకుంటే తొమ్మిది. 3 ఆటీన్లంటే తొమ్మిది ట్రిక్కులే. ఎంత దాకా వెళ్ళవచ్చో అంత దాకా మీరు మొదటి బిడ్‌లోనే వెళ్ళిపోయారు.

బిడ్డింగ్‌కూ లీడ్‌కూ ఉన్న ఇంకో బంధం గురించి కూడా చెప్పాలి. మీరు ఓవర్‌కాల్ చేసిన (వాళ్ళు ఓపెన్ చేశాక మీ సూట్ బిడ్ చేసిన) ప్రతిసారీ బావగారికి ఒక లీడ్ సూచిస్తున్నారు. ఇస్పేటు జాకీతో మొదలయ్యే ఐదు ముక్కలు పట్టుకుని, బయట పాయింట్లు పదకొండున్నాయి కదా అని 1 ఇస్పేటు అన్నారనుకోండి. వాళ్ళు 3 నో ట్రంప్ ఆడతారు. బావగారు మీ మాట నమ్మి ఆయన రాజు కింద నుంచి ఇస్పేటు వేస్తారు. ఆసు, రాణి డిక్లేరర్ దగ్గరుంటాయి. తప్పు ఆ లీడ్‌లో లేదు, మీ బిడ్‌లో ఉంది. ఓవర్‌కాల్ చేసేముందు ఈ సూట్ లీడ్ వస్తే నాకు సంతోషమేనా అని ఒక్కసారి అడుక్కోండి. వాళ్ళ స్టేమన్ 2 కళావర్లను డబుల్ చేయడం కూడా ఇలాంటిదే. కళావర్లు బాగున్నప్పుడే చేయాలి.

సాధన ఎలా చేయాలంటారా? ఓపెనింగ్ లీడ్‌ను బోర్లా వేయాలన్నది ఆట నియమం. వేయడానికి ముందు బిడ్డింగ్ అంతా మళ్ళీ చెప్పమని అడిగే హక్కు మీకుంది. మొహమాటపడకుండా వాడుకోండి. ప్రతి బిడ్‌కూ అర్థమేమిటో వాళ్ళను అడగవచ్చు. విన్నాక, డమ్మీ ముక్కలు పరవకముందే మనసులో డమ్మీ చేయి ఊహించండి. ఎన్ని పాయింట్లు, తురుపులెన్ని, పొడుగు సూట్ ఏది. తర్వాత ముక్క వేయండి, డమ్మీ పరచగానే మీ ఊహతో పోల్చుకోండి. మొదటి వారం సగం తప్పవుతాయి. రెండు మూడు నెలలయ్యాక డమ్మీ మీకు తెలిసిన మనిషిలా కనబడటం మొదలవుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో పెద్ద మ్యాచ్‌లు చూడవచ్చు. ఒక చేతిని మాత్రమే చూస్తూ, మిగతా మూడూ అరచేత్తో మూసి, బిడ్డింగ్ అయ్యాక మీ లీడ్ కాగితం మీద రాసుకోండి. ఎందుకు వేస్తున్నారో ఒక వాక్యం కూడా రాయండి. ఆ వాక్యం ముఖ్యం. ఎందుకంటే మంచి లీడ్ కూడా ఒక్కోసారి ట్రిక్ పోగొడుతుంది, చెడ్డ లీడ్ గెలుస్తుంది. మీరు చూసుకోవలసింది ఆ వాక్యం సరిగ్గా ఉందా లేదా అని. స్కోరు తర్వాతి సంగతి.

ఒక జాగ్రత్త. బావగారు మొహం చిట్లించారనో, పాస్ అనడానికి ముందు తటపటాయించారనో దాన్ని బట్టి లీడ్ వేయకూడదు. అది నియమాలకు విరుద్ధం. బిడ్ ఏం చెప్పిందో అంతే.

వయసు గురించి అడిగారు. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో పురుషుల పెయిర్స్ బంగారు పతకం మన దేశానికి తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కు అప్పుడు 60 ఏళ్ళు, శివనాథ్ సర్కార్‌కు 56. బెంగాల్‌కు చెందిన ఈ ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి ఆడిన జోడీ. మీ వయసుకూ వాళ్ళ వయసుకూ పెద్ద తేడా ఏమీ లేదు.

బావగారితో ఒక ఒప్పందం చేసుకోండి. టేబుల్ దగ్గర ఇద్దరిలో ఎవరూ చేతి గురించి మాట్లాడకూడదు. అందరి ముందూ అరిస్తే ఆ చేయి ఎలాగూ తిరిగి రాదు, తర్వాతి రెండు చేతులు కూడా పోతాయి. స్కోర్‌షీట్ వెనక చేతి నంబర్ రాసుకుని, ఇంటికెళ్ళాక టీ తాగుతూ మాట్లాడుకోండి. అప్పుడు కూడా "ఎందుకలా వేశావు" అని మొదలుపెట్టకుండా, "నువ్వేం విన్నావు" అని అడగమనండి.

ఆ మొదటి సాయంత్రానికి ఈ 3 నో ట్రంప్ చేతినే పెట్టుకోండి. నాలుగు చేతులూ పేకముక్కలతో టేబుల్ మీద పరిచి, ఇస్పేటు జాకీ లీడ్ అయిందనుకుని బావగారిని డిక్లేరర్‌గా కూర్చోబెట్టండి. అన్ని ముక్కలూ కనబడుతుండగానే తొమ్మిది ట్రిక్కులు తీసే దారి దొరుకుతుందేమో వెతకమనండి. నేను గంటసేపు వెతికాను, దొరకలేదు. ఆయనకు దొరికితే తప్పకుండా రాయండి.